కత్థయీ, కాచు, కాషాయం

మన కళాశాల వార్షికోత్సవ నాటకానికి తెర కొనవలసి వచ్చినప్పుడు జరిగిన ఒక చిన్న సంభాషణ ఈ వ్యాసానికి కారణం. ఉర్దూ విభాగపు విద్యార్థి ఒకడు "కత్థయీ రంగు బట్ట అయితే బాగుంటుంది" అన్నాడు. తెలుగు విభాగం వారికి ఆ మాట బోధపడలేదు. గోధుమ రంగా? కాదు. ఇటుక రంగా? అంత ఎరుపు కాదు. కాఫీ పొడి రంగా? దాదాపు అదే, కాని కొంచెం ఎర్రజీర ఉండాలి. చివరకు అతడు విసిగి, "పాన్‌లో సున్నంతో పాటు పూస్తారే కత్థా, ఆ రంగు భాయ్" అన్నాడు. "ఓహో, కాచు రంగు!" అని అందరూ ఒక్కసారిగా అన్నారు. తెర కొనడం ముగిసింది. కాని వెనుకనుండి ఎవరో, "మన మాట ఉండగా వాళ్ళ మాట మనకెందుకు?" అన్నారు. ఆ "మన", "వాళ్ళ" అనే రెండు మాటలను గురించి విద్యార్థి మిత్రులకు నాలుగు మాటలు మనవి చేయదలచాను.

కత్థా అనేది ఒక చెట్టు చేవనుండి వచ్చే పదార్థం. ఆ చెట్టును సంస్కృతంలో ఖదిరమనీ, ఉర్దూ, హిందీలలో ఖైర్ అనీ, తెలుగులో చండ్ర అనీ అంటారు. మనం కోపంతో కాలే కళ్ళను చండ్రనిప్పులతో పోలుస్తాము. ఆ నిప్పులు ఈ జాతి కట్టెవే. చెట్టు నడిమి చేవను చిన్న చిన్న పేళ్ళుగా కొట్టి, నీటిలో గంటల తరబడి కాచి, వడగట్టి, ఆ రసాన్ని మళ్ళీ చిక్కబడేదాకా మరిగించి చల్లారుస్తారు. పేరుకొన్న భాగం తాంబూలానికి వస్తుంది. మిగిలిన నల్లని జిగురు రసం నూలుకూ, చేపల వలలకూ, తెరచాపలకూ రంగు వేయడానికి పనికివస్తుంది. ఆ రంగే కత్థయీ.

ఇక మాటల పుట్టుక చూడండి. "కత్థా" అన్నది సంస్కృత "క్వాథం" నుండి వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. క్వాథమంటే కాచిన రసం. మన వైద్యులు నేటికీ వాడే మాటే. తెలుగులో దాని పేరు "కాచు". పాలు కాచు, నీళ్ళు కాచు అనే క్రియ కూడా మనకు ఆ రూపంలోనే ఉన్నది. ధ్వని పోలికను చూసి కత్థా, కాచు ఒకే ధాతువునుండి పుట్టాయని తొందరపడి చెప్పరాదు. ఒకటి ఆర్యభాషల మాట, రెండవది మన దేశ్యం. వాటి బంధుత్వం రక్తంలో లేదు, పనిలో ఉన్నది. పొయ్యి ముందు కూర్చుని చేవను కాచినవాడు ఏ భాషవాడైనా, తాను చేసిన పనినిబట్టే ఆ వస్తువును చూశాడు.

ఈ వరుసలో మూడవ మాట ఒకటి ఉన్నది. అదే కాషాయం. నేడు ఆ మాట వినగానే నారింజ వన్నె మన కంటికి కనబడుతుంది. కాని దాని మూలం "కషాయం". కషాయమంటే వగరు రుచి, వగరు చెక్కలను కాచిన రసం, ఆ రసంలో ముంచితే వచ్చే ఎరుపు కలిసిన మట్టి రంగు. కషాయంలో ముంచిన వస్త్రం కాషాయం. బౌద్ధ భిక్షువుల చీవరాలకు వేళ్ళు, కాండం, బెరడు, ఆకులు, పూలు, కాయలు అనే ఆరింటినుండి తీసిన రంగులను వినయపిటకం అనుమతించింది. అంటే సన్న్యాసి వస్త్రమూ, పాన్‌దాన్‌లోని కత్థా గిన్నె రంగు షేర్వానీ, రెండూ పేరును తెచ్చుకొన్నది కాచిన కుండనుండే. ఒక రంగు మాదని ఒకరూ, మరొక రంగు మాదని మరొకరూ పంచుకొనేవారు ఈ సంగతిని ఒక్క క్షణం ఆలోచించవలెను.

ఇరుగుపొరుగును అడగకుండా పేరు పెట్టినవారి గతి ఏమయిందో కూడా ఈ చెట్టే చెబుతుంది. ఐరోపా మందుల వర్తకులు కాచు ముద్దలను చూసి ఇది జపాను దేశపు మన్ను అనుకొని, లాటిన్‌లో "టెర్రా జపోనికా" అని పేరు పెట్టారు. అది మన్నూ కాదు, జపానుదీ కాదు. సామర్లకోటలో తోట పెంచిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ మాత్రం ఇక్కడి జనం నోట విన్నాడు. ఈ జాతిలోని ఒక చెట్టుకు శాస్త్రీయ నామంగా స్థిరపడిన "సుంద్ర"లో మన సండ్ర, చండ్రలు నేటికీ వినిపిస్తాయి.

"మాటలు కలిసినంత మాత్రాన మనసులు కలుస్తాయా?" అని కొందరు అడగవచ్చును. కలవవు, ఒప్పుకొంటాను. ఒకే మాటను పలుకుతూ పోట్లాడుకొన్న అన్నదమ్ములు లోకంలో ఎందరో ఉన్నారు. అయితే పొరుగువాని మాటను పరాయిదని తోసివేయడానికి ముందు అది ఎంతకాలంగా మన ఇంట ఉన్నదో తెలుసుకోవడం విద్యావంతుని కనీస ధర్మం. ధూళి అని అర్థమిచ్చే పారశీక "ఖాక్" నుండి వచ్చిన ఖాకీ తెలియని తెలుగు పిల్లవాడు లేడు. మచిలీపట్నం అద్దకానికి జగమంతా తెలిసిన పేరు కలంకారీ, అదీ పారశీకమే. సి. పి. బ్రౌన్ 1852లో తెలుగు నిఘంటువును ప్రకటించి ఊరుకోలేదు. తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు 1854లో ప్రత్యేకంగా మరొక నిఘంటువు కూర్చవలసి వచ్చింది. మనవి కావని నేడు తీసివేయదలచిన మాటలు నాటికే ఒక పుస్తకానికి సరిపడా ఉన్నాయన్నమాట.

కనుక కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. ఈ సంచికను ఉర్దూ చదువరి కుడివైపునుండి, తెలుగు చదువరి ఎడమవైపునుండి తెరుస్తాడు. ఇద్దరూ నడుమకు వచ్చి, అక్కడ పుస్తకం మూసివేస్తారు. ఆ నడిమి పుటను ఏటా రెండు విభాగాలకు ఉమ్మడిగా కేటాయించండి. ఉర్దూ విద్యార్థి ఒకడు, తెలుగు విద్యార్థి ఒకడు కలిసి కూర్చుని, పది మాటల పుట్టుకను రెండు లిపులలోనూ వ్రాయాలి. ఖర్చు ఒక్క పుట కాగితం. విద్యార్థులకు ఒక సలహా: వచ్చే ఏడు తెర కొనడానికి వెళ్ళినప్పుడు తెలుగువాడు "కత్థయీ" అని అడగాలి, ఉర్దూవాడు "కాచు రంగు" అని అడగాలి. దుకాణదారు ఇద్దరికీ ఒకే తానును విప్పి చూపుతాడు.