శ్రీకాకుళంలో ఒక రాత్రి

శ్రీకాకుళం వెళ్ళి రండి అంటే వినేవారు విశాఖ దాటించే రైలు గురించి అడుగుతారు. నేను చెబుతున్నది ఆ పట్టణం కాదు. కృష్ణాజిల్లా ఘంటసాల మండలంలో, ఏటి ఒడ్డున ఆంధ్రమహావిష్ణువు కొలువై ఉన్న శ్రీకాకుళం. ఆముక్తమాల్యదకు ప్రేరణ ఇక్కడే కలిగిందని తెలుగు పంతులన్నవాడల్లా పాఠం చెబుతాడు. వారిలో ఆ ఊరు చూసినవారెందరని మాత్రం అడగకండి.

విజయవాడ వచ్చే యాత్రికుల కార్యక్రమం ఇంచుమించు ఒక్కటే. కనకదుర్గమ్మ దర్శనం, ప్రకాశం బ్యారేజి మీద ఒక ఛాయాచిత్రం, ఓపిక ఉంటే భవానీద్వీపం, ఉండవల్లి గుహలు, గాంధీనగరంలో బాబాయ్ హోటల్ వెన్న ఇడ్లీ. వీటిలో తీసివేయదగినది ఒక్కటీ లేదు. అయితే కృష్ణమ్మ బ్యారేజితో ఆగిపోదు గదా! సముద్రం దాకా సాగే ఆ ఎడమగట్టును చూడకుండా తిరిగిపోవడం అవతారిక చదివి కావ్యం మూసివేయడమే.

ఈ మాటకు రాయలవారే నాకు సాక్షి. కళింగ దండయాత్రకు వెళుతూ ఆయన కొన్నాళ్ళు విజయవాటిలో విడిది చేశారు. అంతటితో తృప్తిపడక శ్రీకాకుళం వెళ్ళి, హరివాసరం నాడు ఉపవసించి, ఆ రాత్రి అక్కడే గడిపారు. నాలుగవ జామున స్వామి కలలో కనిపించి గోదాదేవి కల్యాణకథను తెనుగున చెప్పమన్నాడు. కన్నడరాయడవు నీవు, తెలుగెందుకనే ప్రశ్నకు సమాధానం కూడా ఆ కలలోనే ఉంది. ఇదంతా రాయలవారు స్వయంగా కావ్యంలో చెప్పుకున్నదే. ఇందులో మనం పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆయన అక్కడ నిద్రించారు. పది గంటలకు కారు దిగి, మూడు ప్రదక్షిణాలు చేసి, పదిన్నరకు మళ్ళీ కారెక్కేవాడికి ఏ దేవుడు మాత్రం కలలోకి వస్తాడు?

అందుచేత ఆ ఊరికి కావలసినవి రంగుదీపాలూ, సిమెంటు బొమ్మలూ కావని నా అభిప్రాయం. రాత్రి తలదాచుకొనేందుకు శుభ్రమైన సత్రం, ఆడవారికి ఇబ్బంది లేని మరుగుదొడ్లు, ఏటిగట్టున చెట్టునీడలో నాలుగు అరుగులు, రెండు పూటలా వేడి అన్నం. ఇంతే. ఈ కుగ్రామానికి వచ్చి రాత్రి ఉండేదెవరు అని ఒక మిత్రుడు నన్ను ఎగతాళి చేశాడు. బడిపిల్లలు వస్తారు. ఏటా బస్సులు కట్టుకొని అరకుకూ, హైదరాబాదుకూ విహారయాత్రలు తీసుకుపోయే పాఠశాలలు, తమ భాషను ఒక చక్రవర్తి ఎన్నుకొన్న చోటికి ఒక్క బస్సు పంపలేవా? అధికారులను అడగడానికి మొగమాటపడేవారికి ఒక్క మాట. దివిసీమవాడైన కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలో సాక్షాత్తూ ఈ స్వామినే నిందాస్తుతితో ఉతికి ఆరవేశాడు. నిలదీయడం ఇక్కడి సంప్రదాయమే.

భోజనం మాట వచ్చింది గనుక అది కూడా రాయలవారినే అడుగుదాం. విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టిన భోజనాలను ఆయన ఋతువుల వారీగా వర్ణించారు. వానకాలంలో పప్పు, నాలుగైదు కూరలు, వరుగులు, పెరుగు. వేసవిలో నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకురసం, కొబ్బరినీళ్ళు, పండ్లు, మజ్జిగ. చలికాలంలో మిరియపు ఘాటుతో పొగలు కక్కే కూరలు, ఆవపచ్చళ్ళు, వేడి నెయ్యి. (మధ్యాహ్నం గంటకు ముందు పీరియడులో ఈ పద్యాలు చెప్పకూడదని ఉపాధ్యాయ మిత్రులకు నా సలహా.) ఇవాళ మన హోటళ్ళకు ఋతువులతో పనిలేదు, పన్నెండు నెలలూ ఒకటే ఎర్ర గ్రేవీ. ఎండాకాలంలో తాటిముంజెలు, నూజివీడు చిన్నరసాలు, శీతకాలంలో కందబచ్చలి దొరికే సీమలో ఆ ఖర్మ మనకెందుకు? నేను కోరే సత్రంలో వంట రాయలవారి పట్టికను బట్టి సాగాలి. దివిసీమ చేపలు, రొయ్యల సంగతి నాకు తెలియదు, తిన్నవారు మాత్రం మెచ్చుకొంటారు. సత్రం వచ్చేదాకా గుడివాడలోనో చల్లపల్లిలోనో భోజనం కానిచ్చి వెళ్ళడం మేలు. దారిలో బందరు తొక్కుడు లడ్డు కనబడితే విడిచిపెట్టకండి.

విశాఖ వైపు నుంచి వచ్చేవారు విజయవాడ దాకా పోనక్కరలేదు. హనుమాన్ జంక్షన్‌లో అభయాంజనేయుడికి నమస్కరించి దక్షిణానికి తిరిగితే గుడివాడ, పామర్రు, ఆపైన కూచిపూడి. సిద్ధేంద్రయోగి ఊరది. ఆ ప్రక్కనే క్షేత్రయ్య పదాలలోని గోపాలుడు వెలసిన మొవ్వ. ఒక మహాకవి పదాలకూ, ఒక నాట్యసంప్రదాయానికీ ఇంత దగ్గరి ఇరుగుపొరుగు ఇంకెక్కడైనా ఉన్నదేమో నాకు చూపించండి. ఘంటసాలలో బౌద్ధస్తూప శిథిలాలున్నాయి. టాలెమీ పేర్కొన్న కంటకోసిల ఇదేనని చరిత్రకారుల మతం. అక్కడినుంచి శ్రీకాకుళం ఎంతో దూరం లేదు. విజయవాడ నుంచి బయలుదేరేవారు అవనిగడ్డ కరకట్ట దారి పట్టండి. ఒక ప్రక్క ఏరు, రెండవ ప్రక్క అరటి, పసుపు, చెరకు తోటలు.

శ్రీకాకుళంలో సాయంకాలం పూజ చూసి, మరునాడు వేకువనే హంసలదీవికి వెళ్ళాలి. అవనిగడ్డ దాటితే అంతా దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలమందిని తీసుకుపోయిన నేల అది. ఆ వయసు పెద్దలు ఎవరైనా తటస్థపడితే నిదానంగా కూర్చుని వినండి, తొందరపెట్టి అడగవద్దు. హంసలదీవిలో వేణుగోపాలస్వామి ఆలయం, దానికి దిగువన కృష్ణ కడలిలో కలిసే చోటు. మాఘపూర్ణిమకు ఇసుక వేస్తే రాలనంత జనం. మిగతా రోజుల్లో మంచినీళ్ళు, పులిహోర పొట్లం వెంట ఉంచుకోండి. సంగమం దగ్గర లోతుకు దిగవద్దు. ఎండ ముదరకముందే కోడూరు చేరుకొంటే పిల్లలు అలసిపోరు.