సంతకం పెట్టేముందు

మన సినిమాల్లో క్యాన్సర్‌కు ఒకటే పని: ఆఖరి రీలులో ఏడిపించడం. 1981లో ‘ప్రేమాభిషేకం’ చూసి ఎంతమంది కళ్ళు తుడుచుకోలేదు! ఆ హీరో అక్కినేనే 2013 అక్టోబరులో విలేకరులను పిలిచి, తనకు నిజంగానే క్యాన్సర్ వచ్చిందని దాచకుండా చెప్పేశారు. ఫిల్మ్‌నగర్ వినిపించిన డైలాగులన్నిటిలో నాకు అదే గొప్పది.

ఆ దాపరికం లేనితనం ఆస్పత్రుల్లోనూ కావాలి. ముదిరిన క్యాన్సర్‌కు కొత్త యాంటీబాడీ మందులు వస్తున్నాయి. వాటి మొదటి దశ పరీక్ష ముఖ్యంగా జబ్బు నయం చెయ్యడానికి కాదు. ఒళ్ళు ఎంత మోతాదు తట్టుకుంటుందో చూడటానికి. కొద్దిమందితో, చిన్న మోతాదుతో మొదలెట్టి మెల్లగా పెంచుతారు. ముందు చేరినవాడికి అందేది పనిచేసేంత ఉండకపోవచ్చు. 2006లో లండన్‌లో టీజీఎన్1412 అనే యాంటీబాడీ ఎక్కించుకున్న ఆరుగురు ఆరోగ్యవంతులూ గంటల్లో ప్రాణాపాయంలో పడ్డారు.

అయితే పరీక్షలే వద్దందామా? నేననను. మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో 16 మంది ల్యుకేమియా పిల్లలకిస్తే 10 మంది కొంతకాలం తేరుకున్నారని 1948లో ప్రకటించారు. ఆ జబ్బు వైద్యానికి దారి అక్కడే పడింది.

నా గొడవల్లా సమ్మతి పత్రంతోనే. రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలని 2019 నిబంధనలు అంటున్నాయి. కానీ ఆ అనువాదపు తెలుగు ఎవరికి అర్థమవుతుంది? పల్లెనుంచి బసవతారకానికో ఎమ్మెన్‌జేకో వచ్చిన రైతు “మీ దయ డాక్టరుబాబూ” అని వేలిముద్ర వేస్తాడు. “ఈ మందు మీకు మేలు చెయ్యకపోవచ్చు, వద్దన్నా మీ మామూలు వైద్యం ఆగదు” అన్న మాట మొదటి పేజీలోనే పెద్దక్షరాల్లో ఉండాలి. మన తెలుగు శాఖవారూ జీవశాస్త్రం మిత్రులూ కలిసి కూర్చుంటే అలాంటి పత్రం రెండు పేజీల్లో రాయలేరా?