రక్తపు చుక్క సరే, సంతకం ఎవరిది?

మొన్న లంచ్ టైంలో మా టీంలో ఒకాయన తెగ ఉత్సాహపడిపోయాడు. "ఇంక రక్తపు చుక్కలోనే కేన్సర్ పట్టేస్తారు బాస్!" అని. నాకు మాత్రం మా పిన్ని గుర్తొచ్చింది. భద్రాచలం దాటాక అడవి అంచు పల్లె ఆవిడది. కడుపునొప్పని ఏడాదిపాటు గోళీలు మింగింది. హైదరాబాద్ తీసుకొచ్చేసరికి ఆలస్యమైపోయింది. కాబట్టి ఆ పరీక్ష రావాలని కోరుకునేవాళ్ళలో నేనూ ఉన్నాను.

క్లుప్తంగా సంగతి ఇదీ. మైక్రోఆర్ఎన్ఏలు సుమారు 22 అక్షరాల బుల్లి ముక్కలు. ఏ జీన్ ఎంత పనిచెయ్యాలో సర్దుతుంటాయి. 1993లో ఒక మిల్లీమీటరు పురుగులో వీటిని కనిపెట్టినందుకే ఆంబ్రోస్, రవ్‌కున్‌లకి 2024లో నోబెల్ వచ్చింది. ఇవి సీరంలో చెడిపోకుండా నిలుస్తాయనీ, ప్రోస్టేట్ కేన్సర్ రోగుల్లో మిర్-141 ఎక్కువుంటుందనీ 2008లో చూపించారు. మామూలుగా సీరం నుంచి ఆర్ఎన్ఏని విడదీసి, పీసీఆర్‌తో పెంచి కొలుస్తారు. ఆ విడదీసే తతంగం లేకుండా నేరుగా సీరంలోనే కొలవాలని పరిశోధనలు నడుస్తున్నాయి. పెద్ద లాబ్ లేని మా వైపుకి కావలసింది అదే.

చిక్కులూ ఉన్నాయి. ఎర్ర రక్తకణాలు పగిలితే వాటిలోని మిర్-16, మిర్-451 సీరంలో కలిసి లెక్క పాడవుతుంది. మే నెల ఎండలో బస్సెక్కి వచ్చే శాంపిల్ని ఊహించుకోండి! రెండోది ఉత్త లెక్క. లక్షమందిలో 100 మందికి జబ్బుందనుకుందాం. పరీక్ష వాళ్ళలో 90 మందిని పట్టుకుని, ఆరోగ్యవంతుల్లో నూటికి అయిదుగురిని పొరబాటున పట్టుకుంటే? 5,085 మందికి పాజిటివ్, అందులో నిజం 90. మిగతా 4,995 మంది భయంతో, అప్పు చేసి, 300 కిలోమీటర్లు ప్రయాణం చెయ్యాలి.

అసలు భయం ఇంకోటి. 2009లో ఇదే ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10-14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఐసీఎంఆర్‌లతో కలిసి పాత్ అనే సంస్థ నడిపిన ప్రాజెక్టది. కొందరు పిల్లలు చనిపోయారు. మరణాలకి టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. అయినా 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక చూస్తే, పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లది! 1,948 మీద వేలిముద్రలు.

టీకా మంచిదే. కానీ అమ్మానాన్నలని అడగకుండా ఇచ్చిన మంచిని ఎవరు నమ్ముతారు?

రేపు ఈ రక్త పరీక్షకి యాప్ రాసేది మనలాంటివాళ్ళమే. అంగీకారాన్ని "ఐ అగ్రీ" టిక్కు పెట్టెలాగా చూడొద్దు. కోయ మాట్లాడే తల్లికి కోయలోనే చెప్పాలి. పాజిటివ్ వస్తే తర్వాత స్కాన్ ఎక్కడ, ఖర్చెవరిది అన్నది పరీక్షకి ముందే తేల్చాలి. అవి లేకుండా చుక్క కూడా తియ్యకూడదని నా అభిప్రాయం.

మా పిన్నికి ఆ పరీక్ష అంది ఉంటే బాగుండేది. కానీ ఆవిడని అడిగి చేసి ఉంటేనే. మీరేమంటారు?