దక్కను ధీమా

2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లాలో భూమి 5.3 తీవ్రతతో కదిలింది. హైదరాబాదు, విజయవాడల్లోనూ జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. పొద్దుగూకేలోపే పాత పాట మొదలైంది: మనది దక్కను పీఠభూమి, గట్టి రాతినేల, మనకేం కాదు!

ఈ మాట అనేవాళ్లను ఒక్కసారి కిల్లారి పంపాలి. మహారాష్ట్రలో, లాతూరు జిల్లాలోని ఆ ఊరిదీ ఇదే పీఠభూమి. 1993 సెప్టెంబరు 30న, వినాయక నిమజ్జనం ముగించుకొని జనం ఆదమరచి నిద్రపోతుండగా, తెల్లవారుజామున నాలుగు గంటలవేళ 6.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. మట్టితో పేర్చిన రాతిగోడలు, బరువైన మట్టిమిద్దెలు మీద కూలి దాదాపు పదివేల మంది పోయారు. అంతకు ఏడాది ముందు నుంచే అక్కడి నేల మాటిమాటికీ కంపిస్తోంది. అయినా అప్పటి అధికారిక పటంలో అది ఒకటో జోన్, అంటే ముప్పు అతి తక్కువ ఉన్న చోటు. 2002లో ఆ ఒకటో జోన్‌నే తీసేశారు. 1967లో అదే రాష్ట్రంలోని కొయనాలో భూమి కదిలాక కూడా పటం మార్చారు. శవాలు లేచాకే పటానికి రంగు మారుతుందన్నమాట!

పోనీ, అదంతా పొరుగు రాష్ట్రం గొడవ అనుకుందాం. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం ప్రాంతాల్లో వచ్చినవి ఐదు తీవ్రత దాటినవే. గోదావరి లోయ కింద పాత పగుళ్లున్నాయని భూగర్భ శాస్త్రజ్ఞులు ఎప్పటినుంచో చెబుతున్నారు. వాళ్ల మాట ఎవరి చెవికీ ఎక్కదు గానీ, ఫలానా తేదీన భూకంపమని జోస్యం చెప్పే వాట్సాప్ సిద్ధాంతికి మాత్రం శ్రోతలకు లోటు లేదు.

హిమాలయాలంత ముప్పు ఇక్కడ ఉందని ఎవరూ అనడం లేదు. అసలు గొడవ కట్టడాలతో. హైదరాబాదులో ఏ కాలనీకెళ్లినా అదే అపార్ట్‌మెంటు: కింద కార్ల కోసం గోడల్లేని స్టిల్ట్, సన్నటి పిల్లర్లు, పైన ఐదంతస్తులు. 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి రెండొందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో ఇలాంటి భవనాలే కుప్పకూలాయి. కింది అంతస్తు మెత్తగా ఉంటే ఊపంతా ఆ పిల్లర్ల మీదే పడుతుంది. ఈ సంగతి బిల్డరుకు తెలియదా? తెలుసు. బ్రోషరులో మాత్రం ఈతకొలను, జిమ్ము, వాస్తు ఉంటాయి. పిల్లరులో ఎంత ఇనుము వేశాడో ఉండదు. కోటి రూపాయలు పోసి కొనేవాడు తలుపు ఈశాన్యానికి ఉందో లేదో చూస్తాడు గానీ, స్ట్రక్చరల్ ఇంజనీరు ఎవరని అడగడు. మునిసిపాలిటీ వాళ్ల తనిఖీ గురించి చెప్పుకోకపోవడమే మేలు.

దీనికి విరుగుడు బ్రహ్మవిద్య కాదు. స్టిల్టులో కొన్నిచోట్లయినా కాంక్రీటు గోడలు లేపాలి, పిల్లర్లలో రింగులు దగ్గరదగ్గరగా వేయాలి, వాటి కొసలను కాంక్రీటు లోపలికి వంచాలి. ఫ్లాటు కొనబోయేవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందు ఆ డ్రాయింగులు చూపించమని బిల్డరును అడగండి. చూపించనంటే ఆ ఫ్లాటు కొనకండి.