కోడిపెట్ట కంతి, పసిబిడ్డ టీకా



ఈ నెల ఆరో తరగతి అబ్బాయి ఒకడు నాకొక ప్రశ్న తెచ్చాడు. "మాస్టారూ, మా తాతయ్యకు కాలేయంలో కాన్సరు వచ్చిందట. ఆయన గ్లాసుతో నీళ్ళు త్రాగవద్దనీ, మంచం మీద కూర్చోవద్దనీ వీధిలోవాళ్ళు చెబుతున్నారు. కాన్సరు అంటుకుంటుందాండీ?"

అంటుకోదు. పెద్దలు కూడా ఈ మాట వినాలి. తాతయ్య గ్లాసుతో నీళ్ళు త్రాగవచ్చు, ప్రక్కన పడుకొని కథలు చెప్పించుకోవచ్చు. మనుమడు గుమ్మం అవతల నిలబడిపోతే ఆ ముసలాయనకు ఎంత బాధగా వుంటుందో ఆలోచించండి!

అయితే, కొన్ని కాన్సర్లకు దారితీసే వైరసులు మాత్రం ఒకరినుంచి ఒకరికి వస్తాయి. ఇదేమి తిరకాసు అంటారా? ఒక కోడిపెట్ట సంగతి చెబుతాను.

కోళ్ళకు కొక్కెర తెగులు రావటం మన పామర్రు ప్రాంతపు పిల్లలు చూచే వుంటారు. అది ఒక వైరసు చేసే పని. 1909లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థకు ఒక కోడిపెట్టను తీసుకువచ్చారు. దాని రొమ్ము మీద పెద్ద కంతి వున్నది. పేటన్ రౌస్ అనే శాస్త్రజ్ఞుడు ఆ కంతి ముక్కను మెత్తగా నూరి, ఉప్పునీటిలో కలిపి వడపోశాడు. మన ఇంట్లో కాఫీ వడపోసే గుడ్డవంటిది కాదు సుమా! బాక్టీరియాలు కూడా దూరలేనంత సన్నని రంధ్రాల వడపోత అది. క్రిందికి దిగిన తేటను మంచి కోళ్ళకు సూదితో ఎక్కించాడు. కొన్నాళ్ళకు వాటికీ అదే కంతి లేచింది.

మీరే చెప్పండి. కంతిలోని కణాలు పైనే ఆగిపోయాయి. బాక్టీరియాలూ ఆగిపోయాయి. మరి క్రిందికి జారినది ఏది? అంతకంటె చిన్నదైన వైరసు! 1911లో రౌస్ ఈ సంగతి ప్రకటిస్తే చాలామంది నమ్మలేదు. చివరకు 1966లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు 87. ఎన్నేళ్ళు కాచుకున్నాడో మీరే లెక్క కట్టుకోండి.

ఇక మనుషుల మాట. బరూచ్ బ్లంబర్గ్ అనే అమెరికా వైద్యుడు ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో ఏదో వింత పదార్థం వున్నదని 1965లో వెల్లడించాడు. అది హెపటైటిస్ బి అనే వైరసు పైతొడుగు అని తరువాత తేలింది. ఈ వైరసు కాలేయంలో చేరి, కామెర్లు తెప్పించవచ్చు; ఏ గుర్తూ చూపకుండా ఏళ్ళ తరబడి దాగి వుండనూవచ్చు. (కామెర్లు అనగానే పసరు పోయించటానికి పరుగెత్తేవారికి ఒక మాట. నీళ్ళవల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. ఏ కామెర్లో రక్తపరీక్ష తేల్చాలి.)

దాగిన వైరసు కాన్సరును ఎట్లా తెస్తుంది? ఒక పాఠాన్ని చూచి మరొకరు, ఆ ప్రతిని చూచి ఇంకొకరు వ్రాస్తూ పోతే ఏమవుతుంది? తప్పులు దొర్లుతాయి. మన కణాలు కూడా చీలేటప్పుడు తమలోని వ్రాతకు ప్రతి తీసుకుంటాయి. వైరసువల్ల కాలేయం వాచి కణాలు చస్తూవుంటే, వాటి చోట కొత్తవి పుట్టాలి. ఇరవై ముప్పై ఏళ్ళపాటు ఇట్లా ప్రతి మీద ప్రతి తీస్తూపోతే తప్పులు పేరుకుంటాయి. పైగా ఈ వైరసు తన వ్రాత ముక్కను కణం వ్రాతలో ఇరికిస్తుంది. చివరకు ఒక కణం "ఇక చాలు" అన్న ఆజ్ఞను మరచిపోయి అదుపులేకుండా పెరుగుతుంది. అదే కాన్సరు. వైరసు సోకినవారందరికీ ఇట్లా జరగదు, కొందరికే.

ఈ వైరసు రక్తం ద్వారా వస్తుంది. మరిగించని సూది, మార్చని మంగలికత్తి బ్లేడు, తిరునాళ్ళలో అందరికీ ఒకే సూదితో పొడిచే పచ్చబొట్టు, ఇవి దాని దారులు. అన్నిటికంటె ముఖ్యమైన దారి, తల్లినుంచి కాన్పు సమయంలో బిడ్డకు రావటం. పెద్దవాళ్ళకు సోకితే నూటికి 95 మందికి పైగా దానిని వదిలించుకుంటారు. పుట్టగానే సోకిన పసిబిడ్డలలోనో, నూటికి 90 మందిలో అది తిష్ఠవేస్తుంది. అందుకే పుట్టిన 24 గంటలలోగా టీకా వేయాలంటారు. "పురిటిబిడ్డకు సూది ఏమిటి, పాపం" అని అడ్డుపడే నాయనమ్మలను నేను ఎరుగుదును. వారిది ప్రేమే, కాని ఆ ఒక్కరోజు పోతే మళ్ళీ రాదు.

ఒకప్పుడు ఈ టీకా విదేశాలనుంచే వచ్చేది. సామాన్యులు కొనలేని ధర. నెల్లూరు జిల్లాలో పుట్టిన కె. ఐ. వరప్రసాదరెడ్డి అనే ఇంజనీరు, తల్లి పేరుతో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. 1997లో అక్కడ మన దేశపు మొదటి హెపటైటిస్ బి టీకా తయారైంది. ఈస్ట్ అనే సూక్ష్మజీవికి వైరసు తొడుగును తయారుచేయటం నేర్పారు. తొడుగే కాని లోపల వైరసు లేదు, కనుక జబ్బు రాదు. మన శరీరం మాత్రం ఆ వేషాన్ని గుర్తుపెట్టుకుంటుంది. తరువాత ధర బాగా దిగింది. 2011 నాటికి దేశమంతటా ప్రభుత్వ టీకాలలో ఇది చేరింది.

ఫలితం వుందా అంటారేమో. తైవాను దేశం 1984లో పసిబిడ్డలకు ఈ టీకా మొదలుపెట్టింది. పదేళ్ళు తిరిగేసరికి అక్కడి 6 నుంచి 14 ఏండ్ల పిల్లలలో కాలేయపు కాన్సరు సుమారు సగానికి తగ్గింది.

అమ్మలకు మరొక్క మాట. గర్భాశయ ముఖద్వారపు కాన్సరుకు కూడా ఒక వైరసే కారణం. దాని పేరు హెచ్.పి.వి. 1983లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం దానిని పట్టి చూపింది. 9 నుంచి 14 ఏండ్ల ఆడపిల్లలకు టీకా వున్నది. మీ డాక్టరుగారిని అడగండి.

పిల్లలూ, ఇప్పుడు బీరువాలోనుంచి మీ టీకా కార్డు తీయించండి. పుట్టిన రోజున హెపటైటిస్ బి అన్న గడి వుంటుంది. తరువాత 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ సూదిలోనూ ఇదే టీకా కలిసి వుంటుంది. గడులు ఖాళీగా వుంటే, లేక కార్డే పోయివుంటే, నాన్నగారితో ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి అడగండి. పెద్దయిన తరువాత కూడా వేయించుకోవచ్చు, మూడు మోతాదులు. ఆ అబ్బాయి ఇంట్లో అందరూ రక్తపరీక్ష చేయించుకోవాలని వాళ్ళ నాన్నకు చెప్పి పంపించాను.