గాలమును ఎంచుకొనుట

కులూ లోయయందు నివసించుచున్న యొక యాంధ్ర సోదరి మాకు లేఖ వ్రాసినారు. పండ్రెండేండ్ల వారి కుమారుడు తీర్థన్ నదియొద్ద మాయయెరతో ట్రౌటు చేపలను పట్టుట నేర్చుకొనుచున్నాడట. ఇంట మత్స్యభోజనము లేదు. పట్టిన చేపను మరల నీటిలో విడువవలెనని తల్లి యాజ్ఞ. ఒకనాడు బాలుడట్లు విడిచిన చేప నాలుగు బారలు పోయి వెల్లకిల తేలెను. ఆ రాత్రి బిడ్డ అన్నము ముట్టలేదు. “తప్పు వానిదా, గాలముదా? ఎట్టి గాలమును కొనియీయవలెను?” అని వారి ప్రశ్న.

స్త్రీల పత్రికకు గాలములతో నేమిపని యని కొంద రనవచ్చును. సూదియు కత్తెరయు నింటిలోనికి వచ్చినపుడు వాని మంచిచెడ్డలు గృహిణి యెరుగవలసినదే కదా! గాలమన్ననో, సూదికి తోబుట్టువు. 1496వ సంవత్సరమున ఇంగ్లండులో అచ్చుపడిన గాలపువేట గ్రంథమొకటి కలదు. దానిని జూలియానా బెర్నర్సు అను సన్యాసిని రచించెనని చిరకాలము చెప్పుకొనిరి గాని, పండితులు దానిని సందేహింతురు. అందు సూదిని నిప్పులలో ఎర్రగా కాల్చి, చల్లార్చి, కత్తితో ముల్లు లేపి, మరల కాల్చి వంచి, తుద కెర్రగా కాల్చి నీట ముంచి గట్టిపరచు విధము వ్రాయబడియున్నది. పెద్ద చేపలకు కుట్టుపనివారి సూదులును, చెప్పులు కుట్టువారి సూదులును వాడవలెనట. తరువాతి కాలమున సూదులకు పేరొందిన రెడిచ్ పట్టణమే గాలములకును పేరొందినది.

ట్రౌటు మన దేశపు చేప కాదు. కాశ్మీరమునకు 1900లో స్కాట్లండునుండి దాని గ్రుడ్లు వచ్చినవి. కులూ లోయకు 1909 ప్రాంతమున వచ్చినది. చల్లని, తేటయైన, పారు నీటిలోనే యది సుఖించును. చిన్న చేపలను, పురుగులను వేటాడు స్వభావము గలది కావున, నీటిలో తళుక్కున మెరసి కదలు లోహపు రేకును చూచి మోసపోవును. స్పూను, స్పిన్నరు అను మాయయెరలు ఇట్టివే. సరస్సులో జారిపడిన చెంచాను చేప పట్టుట చూచి అమెరికాలో నొకడు మొదటి స్పూనును చేసెనని చెప్పుకొందురు.

ఇక గాలముల మాట. అంగడిలో దొరకు మాయయెరలకు తరచుగా మూడు కొనల గాలము తగిలించి యుండును. చేప ఎటునుండి కరచినను ఏదో యొక కొన పట్టుననుట దాని గుణము. కాని యొక కొన పెదవిని పట్టగా, తక్కిన రెండును కంటికో మొప్పలకో తగులవచ్చును. మొప్పలు రక్తముతో నిండినవి. అచ్చట చీలినచో చేప బ్రతుకుట దుర్లభము. పైగా మూడు కొనలును వలలో చిక్కుకొని, విడదీయుటకు కాలము పట్టును. ఆ కాలమంతయు చేప కూపిరి లేదు. అయితే మూడు కొనల గాలము తప్పక చంపుననియు, ఒంటికొన గాలము ఎన్నడు చంపదనియు మేమనము. గాలము లోతుగా దిగుటయు, చేపను నీటి వెలుపల నెక్కువసేపుంచుటయు చంపును. విడువదలచిన వారికి ఒంటి గాలమే మేలు.

దీనిని మార్చుట కష్టము కాదు. తాళపుచెవుల గుత్తి యుంగరమువంటి చిన్న యుంగరముతో గాలము మాయయెరకు తగిలియుండును. కావున క్రొత్త గాలపు కన్ను ఆ యుంగరము పట్టునంత పెద్దదై యుండవలెను. పరిమాణమును సూచించు అంకెలు సూదుల లెక్కనే నడచును: అంకె పెరిగినకొలది గాలము చిన్నది. 10 కంటె 8 పెద్దది, 8 కంటె 6 పెద్దది. 1 దాటిన పిదప 1/0, 2/0 అని లెక్క మారి, అచ్చట మాత్రము అంకెతోపాటు గాలము పెరుగును. చిన్న మాయయెరలకు సామాన్యముగా 10 మొదలు 6 వరకు సరిపోవును. కొనకును కాడకును నడుమనున్న యెడము, తీసివేసిన గాలపు టెడముకంటె కొంచెము వెడల్పుగా నుండుట మంచిది. గాలము మిక్కిలి బరువైనచో మాయయెర నీటిలో సరిగా ఆడదు. కావున మార్చిన వెంటనే ఒడ్డుననే లాగి చూడవలెను.

తీగె మందమును చూడుడు. సన్నని తీగె సులువుగా దిగును గాని, పెద్ద చేప లాగినపుడు చాచుకొనిపోవును. మందమైనది బలమైనదే, కాని బాలుని తేలిక కర్రతో దానిని దింపుట కష్టము. నడిమి రకమే తగినది. వాడి చూచుటకు కొనను గోటిపై మెల్లగా నానింపుడు: జారినచో మొద్దు, పట్టినచో వాడి. తడి గాలమును పెట్టెలో పెట్టిన తుప్పు పట్టును. గుడ్డతో నొత్తి ఆరనిచ్చి పెట్టవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది కొన ప్రక్కనుండు ఎదురుముల్లు. దానిని చిన్న పట్టకారుతో నొక్కి అణచివేయుడు. దారము వదులు కానీయక లాగుచుండిన, ముల్లు లేకున్నను చేప ఊరక తప్పించుకొనదు. విడుచునపుడు గాలము ఇట్టే జారివచ్చును. ఇది చేపకేకాదు, బిడ్డకును మేలు. ముల్లున్న గాలము వ్రేలికి దిగినచో వెనుకకు లాగుట సాధ్యము కాదు. బలవంతము చేయక వైద్యునికి చూపవలెను, ధనుర్వాతపు సూదిమందు సంగతియు నడుగవలెను. కంటికి తగిలినచో మీరేమియు తాకక తక్షణము ఆసుపత్రికి కొనిపోవుడు. గాలము విసరు వేళ కన్నులకు అద్దములును తలకు టోపీయు ఉండుట మంచిది.

గాలము మంచిదైనంత మాత్రమున చాలదు. చేపను పట్టు చేయి ముందుగా తడిపికొనవలెను. పొడి చేయి దానిపై జిగురు పొరను తుడిచివేయును. అలయునంతవరకు ఆడింపరాదు. నీటిలోనే యుంచి గాలమును తీసి, ప్రవాహమున కెదురుగా పట్టి, అది తానై కదలినపుడు విడువవలెను. నీరు 20 డిగ్రీల సెంటిగ్రేడునకు మించి వేడియైన దినమున పట్టకుండుటే దయ. అనుమతిపత్రమును, వేట నిషిద్ధమైన నెలలను, అచ్చటి గాలపు నియమములను ముందే విచారింపవలెను.

సోదరీ! మీ ప్రశ్నకు మా యుత్తరమిది: తప్పు కొంత గాలముది, కొంత తెలియనితనముది. రెండును దిద్దుకొనదగినవే. పిల్లవానిని మందలింపకుడు. ఆ రాత్రి వాడు విడిచిన అన్నమే వాని మనస్సు మెత్తనిదని చెప్పుచున్నది. పట్టకారు వాని చేతికే యిచ్చి, మీ యెదుటనే ఆ ముల్లును వానిచేతనే అణచివేయింపుడు.