పెంపుడు కుక్కయు దువ్వెనయు

తుర్కయాంజాలు గ్రామము కొన్ని యేండ్లలోనే పట్టణరూపమును దాల్చినది. సాగరు రహదారి కిరుప్రక్కల నూతన గృహములు లేచినవి. గృహములతోబాటు నూతన జాతుల కుక్కలును వచ్చినవి. పూర్వము మన వాకిండ్లను గాచిన కుక్కకు పొట్టి వెండ్రుకలు. వాన వెలిసిన పిమ్మట నొక్కమారు ఒడలు విదిలించుకొనినచో దాని సింగారము ముగిసెడిది. ఇప్పుడు మన వీధులలో కనబడునవి లాసా ఆప్సో, షిట్జూ, పొమరేనియన్, గోల్డెన్ రిట్రీవరు, హస్కీ మొదలగునవి. లాసా టిబెట్టు దేశపుది. హస్కీ సైబీరియా మంచులో బండి లాగినది. ఆ రోమము చలికై యేర్పడినదే గాని మన వైశాఖపు టెండకై గాదు. అట్టి జంతువును కోరి తెచ్చుకొనువారు దువ్వెనను గూడ కోరి పట్టుకొనవలయునని మా యభిప్రాయము.

రోమము చిక్కుపడుట కేవలము అందమునకు లోపమని పలువురు తలంచుచున్నారు. అది సరిగాదు. దట్టమైన రోమముగల కుక్కలలో పెక్కింటికి రెండు పొరలుండును: పైది బిరుసు, లోనిది దూదివలె మెత్తన. లోపలి వెండ్రుకలు ఊడినప్పుడు నేలరాలక పైవానిలో దగుల్కొని, రాపిడిచే ఉండలుగట్టును. చెవుల వెనుక, చంకలలో, తొడల సందున, మెడపట్టె క్రింద, కాలివ్రేళ్ల నడుమ నిది మెండు. ఉండ బిగిసినకొలది చర్మమును లాగును. జడ మిక్కిలి బిగించి యల్లినచో తల యెట్లు నొచ్చునో మన బాలికల నడుగుడు. ఆ జడను నెలలకొలది విప్పకున్న నెట్లుండునో ఊహింపుడు. నోరులేని ప్రాణి యా బాధను ఎవరితో చెప్పుకొనును? ఉండ క్రింద తేమ నిలిచి ఒడలు ఒరసి పుండుపడును. ఆ పుండుపై ఈగలు వ్రాలి గ్రుడ్లు పెట్టగా పురుగులు పట్టును. గోమార్లకును అది మంచి దాగుడుచోటు. అవి కుట్టుటచే ఎర్లీకియోసిస్, బబీసియోసిస్ అను జ్వరములు వచ్చి, చికిత్స ఆలస్యమైనచో కుక్క ప్రాణమునకే ముప్పు వాటిల్లును. ప్రతిదినము దువ్వువాని చేతికి గోమారి ముందే దొరకును.

మాసబు చెరువు గట్టున తిరిగివచ్చిన కుక్కకు ఉత్తరేణి గింజలును పల్లేరు కాయలును అంటుకొనుట వింతగాదు. ఇంటికి రాగానే వానిని ఏరివేయవలయును. ఏలయన నొక్కొక్క గింజచుట్టును ఒక్కొక్క చిక్కు పుట్టును. ఇట్టి ముండ్లకాయలే 1941లో జార్జి డి మెస్ట్రల్ అను స్విట్జర్లాండు ఇంజనీరు కుక్కకు అంటుకొనగా, ఆయన వానిని సూక్ష్మదర్శినితో పరీక్షించి చిన్న కొక్కెములను గనుగొనెను. మన పిల్లల బూట్లకు ‘చఱ్ఱు’మని యూడివచ్చు వెల్క్రో పట్టీ అట్లు పుట్టినది. ఆ కుక్కను దువ్వినవారెవరో మాత్రము చరిత్ర చెప్పదు!

దువ్వుటకును ఒక క్రమము కలదు. ముందు దువ్వి పిదప స్నానము చేయింపవలయునుగాని, చిక్కులతోనే నీళ్లు పోయరాదు. తడిసి ఆరిన చిక్కు మఱింత బిగియును. రోమమును పాయలుగా విడదీసి, చర్మము కనబడునట్లు పట్టుకొని, కొననుండి మొదలిడి క్రమముగా కుదుటివైపు రావలయును. పైపైన బ్రష్షు నాడించి ‘దువ్వితి’ ననుట దువ్వుటగాదు. పిమ్మట లోహపు దువ్వెన అడ్డులేక సాగినప్పుడే పని పూర్తి. బిగిసిన యుండను కత్తెరతో కోయుట ప్రమాదము. చర్మము ఆ యుండలోనికి లాగబడి యుండును గాన, వెండ్రుక లనుకొని తోలునే కోయుదురు. అట్టిదానిని పశువైద్యునికి చూపుట మేలు.

వేసవి రాగానే హస్కీని నున్నగా గొఱిగించుట దయ యనుకొనువారు కలరు. దీనితో మే మేకీభవింపము. కుక్క మనవలె ఒడలెల్ల చెమర్చి చల్లబడదు. ముఖ్యముగా నాలుక చాచి వగర్చుటచే చల్లబడును. రెండుపొరల రోమము తీసివేసిన చర్మము ఎండకు కమలును. రోమము మరల సరిగా మొలవకపోవుటయు కలదు. లాసా, షిట్జూల వెండ్రుకలు పెరుగుచునే యుండును గనుక వానిని కత్తిరింపవచ్చును.

ఇక తలిదండ్రులకు మా మనవి. కుక్కపిల్లకై యేడ్చునది బాలుడు. నెల తిరుగకమున్నే దాని చాకిరి తల్లిమీదనో పనిమనిషిమీదనో పడుచున్నది. ఇది న్యాయమా? పూర్వము గుఱ్ఱమును గొరపముతో తోముటకు వేఱుగ మనిషి యుండెడివాడు. మన మధ్యతరగతి యిండ్లలో అట్టివాడు లేడు, ఉండనక్కఱయు లేదు. దినమునకు పావుగంట చాలును. అంతమాత్రము తీరిక లేని యింటికి పొట్టివెండ్రుకల నాటుకుక్కయే తగినది. రోమము చెడి, ఒడలు కంపుగొట్టినదని కుక్కను రహదారిప్రక్క విడిచిపోవువారిని గూర్చి వినుచున్నాము. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము, పెంచువాడు జంతువు క్షేమమునకై తగిన శ్రద్ధ వహింపవలయునని విధించినది. తగిన కారణము లేక ఆకలిదప్పుల పాలగునట్లు విడిచిపెట్టుటను నేరముగా నెంచినది.

రాబోవు వేసవి సెలవులలో కుక్కపిల్ల కావలెనని పట్టుబట్టు బాలునికి తలిదండ్రులు ముందొక దువ్వెన నిచ్చి, పొరుగువారి యనుమతితో వారి కుక్కను పదునైదు దినములు విడువక దువ్వి రమ్మని చెప్పుదురు గాక. పదునాఱవ దినమున వాడు మరల నడిగెనేని, అప్పుడు ఆలోచింపవచ్చును.